చలువ సున్నం

ఇంట్లో సామానంతా గోడలకి మూరెడు ఎడంగా జరిపి ఉంచాలని తనిఖీ నోటీసులో ఉంది. ఆ ఒక్క మాట లేకపోతే ప్రసూనకి ఏనాటికీ తెలిసేది కాదేమో.

నోటీసు సోమవారం వచ్చింది, తనిఖీ గురువారం. రోహిణి కార్తె. పిడుగురాళ్ళలో ఎండ నలభై ఏడు దాటి మూడు రోజులైంది. సున్నం బట్టీల వైపు నుంచి వచ్చే గాలి మొహాన నిప్పులు చల్లినట్టుంటోంది. వేసవి నెలల్లో ఇంటికి రోజుకి మూడు యూనిట్ల కరెంటే ఇస్తామన్న నిబంధన వచ్చి నాలుగేళ్ళయింది. ఊళ్ళో ఏసీలన్నీ అటకలెక్కాయి. కూలర్లున్నవాళ్ళు కాసేపు తిప్పుకుని, మిగతా పొద్దంతా తడిగుడ్డలు కప్పుకుని కూర్చుంటున్నారు. అట్లాంటి ఊళ్ళో, కాలనీ చివరి వరసలో ఉన్న ప్రసూన ఇల్లు మాత్రం రోజుకి ఒకటిన్నర యూనిట్ కూడా వాడకుండా ఇరవై ఏడు డిగ్రీల దగ్గర నిలబడి ఉంది. ఆ సంగతి కళ్ళారా చూసి, కొలిచి, సంతకం పెట్టడానికే ఇంధన శాఖ నుంచి వామనరావు అనే ఆఫీసరు వస్తున్నాడు. ఆయన సంతకం పెడితే వచ్చే వేసవికల్లా పది వేల ఇళ్ళకీ, మూడు జిల్లాల ఆసుపత్రులకీ చలువ సున్నం పూస్తారు.

చలువ సున్నం ప్రసూన కనిపెట్టిందే. ఆమె ఊళ్ళోని సున్నపురాయి పరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. ఆరేళ్ళ కిందట నమూనాల కోసం పాడుబడిన గనిలోకి దిగినప్పుడు, బూడిదరంగు నాచులాంటి పొర పట్టిన రాయి మీద చెయ్యి వేసి అదిరిపడింది. నీడలో ఉన్న రాయి కాలుతోంది. సుత్తితో ఒక పెచ్చు లేపి చూస్తే వెనకవైపు బావినీళ్ళంత చల్లగా ఉంది. ఆ పొరకి ప్రాణముందని తేలడానికి ఏడాది పట్టింది. కంటికి ఆనని కోటానుకోట్ల జీవులు ఒకదాన్నొకటి పట్టుకుని, వీపువైపు నుంచి వేడి తాగుతాయి, ముఖంవైపు కక్కుతాయి, మధ్యలో తమకి కావలసింది మిగుల్చుకుని బతుకుతాయి.

దాన్ని సున్నంలో బతికించే కిటుకు మాత్రం ఆమె భర్త చెన్నకేశవులుది. ఆయన తాపీ మేస్త్రి. లాబ్‌లో కొత్త గది కట్టేటప్పుడు పరిచయమై పెళ్ళిదాకా వచ్చారు కాబట్టి ఆమె ఇప్పటికీ ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది. పాతకాలపు మేడల సున్నంలో కరక్కాయా బెల్లం నీళ్ళూ పోసేవాళ్ళు, అట్టా కలిపి చూడమన్నాడు ఆయన. బెల్లం నీళ్ళు తాగి పొర పట్టు చిక్కించుకుంది. మూడేళ్ళ కిందట తమ ఇంటి మూడు బయటి గోడలకీ, పైకప్పుకీ ఆయనే తన చేత్తో పూశాడు. నాలుగోది పక్కింటితో ఉమ్మడి గోడ. దాని జోలికి పోవద్దని ప్రసూనే చెప్పింది. మన వేడంతా వాళ్ళ మీద కక్కినట్టవుతుందని ఆ రోజే నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకుంది కూడా.

అసలు ఇదంతా పది వేల ఇళ్ళ కోసం చేసింది కాదు, లహరి కోసం. తొమ్మిదేళ్ళ లహరికి పుట్టుకతోనే ఒంట్లో చెమటగ్రంథులు లేవు. జుట్టు పల్చన, పళ్ళు నాలుగైదే. అందరి ఒళ్ళూ చెమటపట్టి చల్లబడుతుంటే ఆ పిల్ల ఒళ్ళు మూతపెట్టిన గిన్నెలా లోలోపల ఉడుకుతుంది. రెండేళ్ళప్పుడొకసారి, నాలుగేళ్ళప్పుడొకసారి ఫిట్సు వచ్చాయి. ఇంకోసారి వస్తే మెదడుకి ఏమవుతుందో చెప్పలేమన్నాడు గుంటూరు డాక్టరు. ఆ మాట విన్నాక ప్రసూనకి వేరే పని ఏదీ పనిగా కనపడలేదు. సున్నం పూసిన ఏడాది నుంచీ లహరి వేసవిలో కూడా నేలమీద పడుకుని బొమ్మలు గీసుకుంటోంది.

మంగళవారం పొద్దున ముగ్గురూ ఇల్లు సర్దడానికి దిగారు. అటక మీది సామాను దింపారు, ఆఫీసరు పైకెక్కి చూడాలట. కిటికీ రెక్కల సందుల్లో చెన్నకేశవులు రబ్బరు పట్టీలు దూర్చాడు. తనిఖీ రోజు వీధి తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలంతా బయటికి లాగుతారు, ఎక్కడ సందుంటే అక్కడ గాలి చొరబడి పట్టిస్తుంది. అందుకని లహరి అగరుబత్తి వెలిగించి కిటికీల పక్కన, తలుపుల కింద పెట్టి పొగ ఎటు వంగుతుందో చూసి చెబుతోంది. పొగ వంగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా చుట్టింది. ఆ పిల్లకి అదొక ఆటగా ఉంది.

లోపలి గదిలో ఇనప బీరువా ఉమ్మడి గోడకి ఆనించి ఉంది. భార్యాభర్తలు చెరోవైపూ పట్టి లాగారు. బీరువా కదిలీ కదలగానే దాని వెనకనుంచి చల్లటి గాలి ప్రసూన మోచేతికి తగిలింది. ఆమె చెయ్యి వదిలేసి వెనక్కి తొంగి చూసింది.

గోడంతా బూడిదరంగు పొర. మూలనుంచి మొదలై, బీరువా నీడ పడినంత మేరా పాకి, ఇటుకల మధ్య సందుల్లోకి వేళ్ళలా దిగింది. అరచెయ్యి ఆనిస్తే జివ్వుమంది. అంటే ఇటున్నది వీపు, వేడి కక్కే ముఖం పక్కింటివైపు. ఎవరూ పుయ్యలేదు. బయటి గోడనుంచి చీకటినీ వెచ్చదనాన్నీ వెతుక్కుంటూ అదే వచ్చింది. ఎన్నాళ్ళయిందో. పొర మందాన్ని బట్టి చూస్తే రెండేళ్ళకి తక్కువ ఉండదు.

చెన్నకేశవులు గోడనీ భార్య మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. ఏమైందని అడిగాడు. ఆమె అప్పటికే గది దాటింది. లాబ్‌నుంచి తెచ్చుకున్న, తుపాకీలా పట్టుకుని వేడి కొలిచే పరికరం తీసుకుని పక్కింటికి నడిచింది.

పక్కింట్లో ఖాసింబీ ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ మనిషి, మిషను కుడుతుంది. భర్త సుభానీ లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు దారిమీదే. ప్రసూన వెళ్ళేసరికి ఖాసింబీ స్కూలు యూనిఫారాల కుప్ప మధ్య కూర్చుని, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని గుండీలు కుడుతోంది. ఆరో నెల కడుపు. మొహమంతా పీక్కుపోయి ఉంది. ఆమె మంచం ఎప్పటిలాగే ఉమ్మడి గోడకి ఆనించి ఉంది.

తనిఖీ కోసం ఒక లెక్క కావాలని చెప్పి ప్రసూన ఆ గోడకి పరికరం గురిపెట్టింది. యాభై మూడు. మళ్ళీ పెట్టింది. యాభై మూడే. గది గాలి నలభై నాలుగు. ఎదురు గోడ నలభై రెండు.

ఈ గోడ ఎప్పుడూ ఇంతేనని ఖాసింబీ తల ఎత్తకుండానే అంది. పోయినేడు కూడా చెప్పానుగా అంది. చెప్పింది. ప్రసూనకి బాగా గుర్తుంది. పోయినేడు చైత్రంలో ఒకరోజు ఖాసింబీ గుమ్మంలో నిలబడి, వీపు కాలుతోంది అక్కా, ఈ గోడ పొయ్యిలా ఉంటోంది అని చెబితే, పైకప్పు వేడి గోడల్లోకి దిగుతుందిలే, ఈ ఎండలకి అంతే అని తను కాఫీ కలుపుతూ సమాధానం చెప్పింది. లోకంలో ఆ గోడ గురించి సరిగ్గా చెప్పగలిగిన మనిషి తనొక్కతే. ఒక్కసారి వచ్చి చెయ్యి పెట్టి చూడలేదు.

ఆ తరవాత నెల తిరక్కుండా ఖాసింబీకి ఏడో నెలలో కడుపులోనే బిడ్డ కదలడం ఆగిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ప్రసూనే. తల్లి ఒంట్లో వేడి అదేపనిగా ఎక్కువై అట్టా జరిగి ఉంటుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఖాసింబీ తల తన ఒళ్ళో పెట్టుకుని సాయంత్రందాకా కూర్చుంది. ఈ ఎండలు మనుషుల్ని బతకనివ్వవని ఆ రోజు తనే అంది.

మంచం అటు పక్కకి జరుపుకోమని ప్రసూన చెప్పింది. అటు మిషను ఉంది, బట్టలున్నాయి, ఎక్కడికి జరపను అని ఖాసింబీ నవ్వింది. ఇద్దరూ పట్టి ఎట్లాగో జానెడు జరిపారు. ఆ జానెడు వల్ల ఏమీ కాదని ప్రసూనకి తెలుసు. గది గదంతా ఉడుకుతోంది.

మధ్యాహ్నం లాబ్‌కి పరిగెత్తింది. లాబ్ పెద్ద శేషాచలం గారు చెడ్డవాడు కాదు. చెప్పిందంతా విని, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఈ వేసవిలో జిల్లాలో వడదెబ్బకి ఇప్పటికే నూట పన్నెండుమంది పోయారని గుర్తుచేశాడు. ఒక్క గోడ దగ్గర జరిగిన పొరపాటుని తరవాత తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు, ఇప్పుడు ఆఫీసరు కళ్ళబడితే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు, మళ్ళీ తెరిచేవాళ్ళుండరు, అప్పుడు ఆ పది వేల ఇళ్ళలో పోయేవాళ్ళ మాటేమిటని అడిగాడు. గురువారం ఒక్కటి గడవనియ్యమన్నాడు. ఆయన మాటల్లో అబద్ధం ఎక్కడుందో ప్రసూన ఎంత వెతికినా దొరకలేదు.

పొర ఒక్క చోట చంపి మిగతాది మిగుల్చుకోగలమేమోనని ఆమె గాజుపళ్ళెంలో పెంచిన పొర తీసుకుంది. మధ్యలో గాడి గీసి, ఒక అంచున నాచుని చంపే మైలుతుత్తం నీళ్ళు రెండు చుక్కలు వేసింది. బుధవారం పొద్దున వెళ్ళి చూస్తే గాడికి ఇవతలా అవతలా అంతా నల్లబడి చచ్చిపోయి ఉంది. ఇంకో పళ్ళెంలో వేరే విధంగా చేసింది. అదీ చచ్చిపోయింది. ఎక్కడెక్కడ పాకినా అదంతా ఒకే ప్రాణం. ఒక వేలు తెగితే ఒళ్ళంతా పోతుంది. గోడ చంపాలంటే ఇల్లు చంపాలి.

ఇంటికి వచ్చేసరికి చెన్నకేశవులు బీరువా వెనక గోడకి మామూలు సున్నం రెండు పూతలు వేసేశాడు. పొర ఆనవాలు లేకుండా తెల్లగా మెరుస్తోంది. సున్నం కింద అది చావదు, కొన్ని వారాలు పైకి కనపడదు, అంతే. ఆమె గాజుపళ్ళెం సంగతి చెప్పింది. పోయినేడు ఖాసింబీ బిడ్డ సంగతి కూడా మొదటిసారి నోటితో అంది. ఆయన బ్రష్షు బకెట్టులో పెట్టి ఎదురు గోడకి చారబడ్డాడు.

"అది మనకి తెలిసి జరిగిందా?" అన్నాడు.

"తెలీక జరిగింది."

"మరి లహరికి జరిగితే? అది తెలిసి జరిగినట్టు కాదా?"

ఖాసింబీని ఈ కాన్పు అయ్యేదాకా దాచేపల్లిలో పుట్టింటికి పంపుదాం, తనే ఆటో మాట్లాడతానన్నాడు ఆయన. ఆ మాట పట్టుకుని ప్రసూన మళ్ళీ పక్కింటికి వెళ్ళింది. అసలు కారణం చెప్పకుండా ఎంత బతిమాలినా ఖాసింబీ ఒప్పుకోలేదు. బడి తెరిచేలోపు రెండొందల జతలు కుట్టి ఇయ్యాలి, అమ్మ ఇంట్లో మిషను లేదు అంది. పుట్టింటికెళ్ళి మాత్రం చల్లగా ఉంటానా, ఎక్కడున్నా ఎండే కదక్కా అంది. ప్రసూన గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. వెనక్కి వచ్చేసింది. ఆ రోజంతా గోడ అవతల మిషను చప్పుడు వినపడుతూనే ఉంది.

గురువారం పదకొండింటికి వామనరావు వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయాడు. చొక్కా మెడ దగ్గర వేలు పెట్టి వదులు చేసుకుని, ఊపిరి గట్టిగా పీల్చి వదిలాడు. మంచినీళ్ళు ఇస్తే కూడా తాగడం మర్చిపోయి గోడలు తడుముతూ నిలబడ్డాడు. పదకొండేళ్ళుగా ఇళ్ళు తనిఖీ చేస్తున్నానని, ఇట్లాంటి ఇంట్లోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదని చెప్పాడు.

వీధి తలుపుకి ఫ్యాను బిగించాడు. ఇంట్లో గాలి బుస్సున బయటికి పోయింది. దూర్చిపెట్టిన రబ్బరు పట్టీల్లోంచి ఒక్కచోట కూడా గాలి చొరబడలేదు. వంటింట్లో పొయ్యి చూశాడు, అటక ఎక్కి దిగాడు, మీటరు లెక్కలు ఏడాదివీ రాసుకున్నాడు. వేడిని రంగుల్లో చూపించే కెమెరా పట్టుకుని గదిగదికీ తిరిగాడు. తెరమీద గోడలన్నీ నీలంగా ఉన్నాయి. వాటి మధ్య ముగ్గురు మనుషులు ఎర్రగా. లహరి ఆయన వెనకే తిరుగుతూ తన చెయ్యి కెమెరాకి చూపించి ఎంత ఎర్రగా ఉందో చూసుకుంది. ఈ పాపేనా అని ఆయన అడిగాడు. ప్రసూన తల ఊపింది. ఆయన కెమెరా దించి, మీరు మామూలు పని చెయ్యలేదమ్మా అన్నాడు.

లోపలి గదిలో ఉమ్మడి గోడ ముందు కూడా కెమెరా పెట్టాడు. నీలం. ఇది పక్కింటి గోడ కదా, దీనికి కూడా పూశారా అని మాటవరసకి అడిగాడు. చెన్నకేశవులు లేదన్నాడు. ఇల్లంతా చల్లగా ఉంది కాబట్టి ఇదీ చల్లబడి ఉంటుందని ఆఫీసరే కారణం చెప్పుకుని రాసుకున్నాడు. కుర్చీలో కూర్చుని కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కలం మూత తీశాడు.

గోడ అవతల మిషను ఆడుతోంది. ఆగింది. మళ్ళీ ఆడింది.

"సార్, ఒక్కసారి పక్కింటికి రండి," అంది ప్రసూన.

పక్కిల్లు తన జాబితాలో లేదన్నాడు వామనరావు. కెమెరా తీసుకుని రమ్మంది ఆమె. చెన్నకేశవులు లహరి భుజం మీద చెయ్యి వేసి పట్టుకుని ఉన్నాడు. "వద్దు ప్రసూనా," అన్నాడు చిన్నగా. ఆ గొంతులో కోపం లేదు. అడుక్కుంటున్నట్టుంది. ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే కాలు కదలదని తెలుసు.

ఖాసింబీ ఆఫీసరుని చూసి కంగారుగా పైట సర్దుకుని లేచింది. గదిలో అడుగుపెట్టగానే వామనరావు మొహం చిట్లించాడు. చల్లటి ఇంట్లోంచి వచ్చినందుకో ఏమో వేడి చెంపమీద కొట్టినట్టయింది ఆయనకి. కెమెరా ఎత్తి ఉమ్మడి గోడకి పెట్టాడు. తెరమీద గోడంతా పసుపు, మధ్యలో తెలుపు, ఎరుపుకన్నా ఎక్కువ వేడికి వచ్చే రంగులు. ఆ తెలుపుకి ముందు నల్లటి గీతల్లా మంచం కోళ్ళు, పట్టెలు. ఖాసింబీ ఆయన మోచేతి పక్కనుంచి తొంగి చూసింది.

"అదేంది సార్, నా మంచం పొయ్యిమీద పెట్టినట్టుందే," అంది.

వామనరావు జవాబు చెప్పకుండా ప్రసూన వైపు తిరిగాడు. ఆమె చెప్పింది. ఆఫీసరుకి కాకుండా ఖాసింబీకే చెప్పింది. తన ఇంటి వేడంతా తాగి ఈ గదిలోకి కక్కుతున్నది తను పెంచిన పొరేనని, రెండేళ్ళుగా గోడలోపల పాకుతోందని, తను పుయ్యలేదుగానీ చూసుకోను కూడా లేదని చెప్పింది. పోయినేడు నువ్వు చెబితే వినలేదని చెప్పింది. చివరిది చెప్పేటప్పుడు మాత్రం గోడ పట్టుకోవాల్సి వచ్చి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోయినేడు నీ బిడ్డని తీసుకుంది ఎండ కాదు ఖాసింబీ. నా గోడ."

ఖాసింబీ ఏడవలేదు. చేతిలో ఉన్న యూనిఫారం చొక్కాని మడతపెట్టి కుప్పమీద పెట్టింది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"మంగళారం పొద్దున."

"మంచం జరిపించావే, అప్పుడా?"

"అప్పుడే."

ఖాసింబీ కడుపుమీద చెయ్యి పెట్టుకుంది. మంగళారం, బుధారం అని నెమ్మదిగా అంది. "పోయినేడుది నీకు తెలీక జరిగింది. ఈ రెండు రోజులు నేను ఆ మంచం మీదే పడుకున్నా. నిన్న నా గుమ్మంలోకొచ్చి నిలబడ్డావు. అప్పుడు కూడా చెప్పలా."

వామనరావు కెమెరా ఆపేశాడు.

ఆ సాయంత్రమే సుభానీ తమ్ముడు వచ్చి ఖాసింబీనీ మిషనునీ ట్రాలీ ఆటోలో దాచేపల్లి తీసుకెళ్ళాడు. అంతకుముందే, వామనరావు ఇంకా వీధిలో ఉండగానే, ప్రసూన పెరట్లో బకెట్టు నిండా మైలుతుత్తం కలిపింది. మనిషి ఎట్లాగూ వెళ్ళిపోతోంది కదా, వానలు పడేదాకా ఉంచుదామని చెన్నకేశవులు అన్నాడు. ఖాసింబీ వెళ్ళిపోతే ఆ ఇల్లు వేరేవాళ్ళకి ఇస్తారు, వాళ్ళకి ఏమని చెబుదామంది ఆమె. పొర ఇంకా పాకుతోంది, ఆ గోడ దాటి ఆపైన ఎవరి ఇంట్లోకి పోతుందో తెలియదంది. ఆయన నా చేత్తో మాత్రం కాదని లహరిని తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్కతే నీలం నీళ్ళలో బ్రష్షు ముంచి గోడకి కొట్టడం మొదలుపెట్టింది. అలవాటు లేని చేతుల్లోంచి సగం నీళ్ళు నేలపాలయ్యాయి. కాసేపటికి వెనక అలికిడి అయింది. చెన్నకేశవులు ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. పై వరస వదిలేశావు అన్నాడు. నిచ్చెన వేసుకుని, పనికి పిలిచిన ఇంట్లో చేసినంత శ్రద్ధగా, పైనుంచి కిందికి ఒక్క చోటు వదలకుండా కొట్టాడు. మొహం గోడవైపే ఉంచుకున్నాడు.

చీకటిపడే వేళకి ఇల్లంతా ఎండిన చెరువు బురద వాసన. గోడలు చెమ్మగిల్లి నల్లమచ్చలు తేలాయి. లోపల ముప్ఫై ఆరు. మర్నాటికి నలభై ఒకటి. ఏమైందమ్మా మన ఇంటికి అని లహరి అడిగితే, ఇల్లు ఇంకొకళ్ళని కాలుస్తోంది, అందుకని ఆపేశామని ప్రసూన ఉన్నదున్నట్టు చెప్పింది. ఖాసింబీ పిన్నినా అని అడిగింది లహరి. అవునంటే ఇంకేమీ అడగలేదు.

అప్పట్నించి ఆ ఇంట్లో పని ఒక్కటే. స్నానాలగదిలో సిమెంటు తొట్టి నింపి పిల్లని అందులో కూర్చోబెట్టడం, నీళ్ళు వెచ్చబడితే మార్చడం, బయటికి తీస్తే తడిగుడ్డ చుట్టడం, విసరడం, గంటగంటకీ జ్వరం చూడటం. ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఎదురింటివాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పోశారు. లహరి నీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడ్డాయి. జబ్బు పిల్ల ఉన్న ఇంటికి అదనంగా కరెంటు ఇయ్యాలని వామనరావు ఆ రోజే రాసి పంపాడు. ఆ ఆర్డరు చేతికి వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. లహరికి ఆరో రోజు మధ్యాహ్నమే, తొట్టిలో ఉండగానే ఒళ్ళు బిగుసుకుపోయింది.

గుంటూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. రెండు రోజులు పిల్ల కళ్ళు తెరవలేదు. ఆ రెండు రోజుల్లో చెన్నకేశవులు భార్యని ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అంటే బాగుండునని ఆమెకి అనిపించింది. మూడో రోజు లహరి కళ్ళు తెరిచి నీళ్ళడిగినప్పుడు ఆయన వార్డు బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చుని, వెనకనుంచి చూసేవాళ్ళకి కూడా తెలిసేంతగా ఏడ్చాడు. ప్రాణానికి గండం గడిచింది. ఎడమకాలు మాత్రం ఈడ్చి నడవడం మిగిలింది. వ్యాయామం చేయిస్తే కొంత రావచ్చన్నారు, రాకపోవచ్చన్నారు.

వాళ్ళు ఇంటికి వచ్చేలోపు వానలు పడ్డాయి. తనిఖీ నివేదిక నకలు వచ్చి ఉంది. ఈ పద్ధతి ఇళ్ళకి పనికిరాదని రాశాడు వామనరావు. కింద ఇంకో వాక్యం ఉంది. ఈ లోపాన్ని ఇంటివారే స్వయంగా చూపించారు అని. శేషాచలం గారు లాబ్‌లో పొర పెంచిన పళ్ళేలన్నీ మూయించి, గని ముఖం కూడా రాళ్ళతో పూడిపించాడు. ప్రసూనతో మాట్లాడటం మానలేదు గానీ, మరుసటి వేసవిలో పత్రికలో వడదెబ్బ మరణాల వార్త పడిన ప్రతిసారీ ఆ పేజీ ఆమె బల్లమీద పెట్టి వెళ్ళేవాడు. ఆమె చదివి, మడిచి సొరుగులో పెట్టేది. ఎవరెంతమంది పోయారో, అందులో ఎంతమంది తన ఖాతాలోకి వస్తారో ఆమెకి తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

నివేదిక వచ్చిన ఆ వానాకాలంలోనే దాచేపల్లి వెళ్ళి ఖాసింబీని చూడాలని రెండుసార్లు బస్సుస్టాండుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. శ్రావణమాసం చివర్లో సుభానీ ఇంటి తాళం తీసి ఏవో సామాన్లు తీసుకెళుతూ, ఆడపిల్ల పుట్టిందని చెన్నకేశవులుతో చెప్పాడు. ఇద్దరూ బాగున్నారన్నాడు. ప్రసూన వంటింట్లో ఉండి విన్నది. బయటికి రాలేదు.

నలభై రోజులు దాటాక ఖాసింబీ తిరిగొచ్చింది. గోడ అవతల ఉయ్యాల కిర్రుమనడం, పిల్ల ఏడుపు, పడుక్కోమని జోకొట్టడం వినపడుతూ ఉండేది. ఇప్పుడా గోడ అందరి గోడల్లాంటి గోడే. లహరి చెవి ఆనించి వినేది. చూసొస్తానని రోజూ అడిగేది. పిలవందే పోకూడదని ప్రసూన ఆపేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, వాన వెలిసి ఉక్కపోస్తుండగా ఖాసింబీ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. కాస్త ఒళ్ళు చేసింది. ప్రసూన వరండాలోకి వచ్చి ఆగిపోయింది.

"లహరిని పంపక్కా, పాపని చూస్తదంట కదా," అంది ఖాసింబీ. ఎవరు చెప్పారో మరి. తరవాత అదే గొంతుతో, "నువ్వు రాబాక," అంది.

లహరి కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగింది. ఖాసింబీ ఆ కాలు వైపు చూసింది. చూసి, గేటు తీసి పట్టుకుని, పిల్ల దాటేదాకా నిలబడి, చెయ్యి అందించి తీసుకెళ్ళింది.

ప్రసూన వరండా మెట్టుమీద కూర్చుంది. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. అవతల ఏవో మాటలు, నవ్వు ఒకటి, లహరిదే. అరగంటకి లహరి తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. తల్లి పక్కన కూలబడి ఆయాసం తీర్చుకుంది.

"పాలు తాగుతుంటే పాప తలంతా చెమటలమ్మా," అంది. "బొట్లు బొట్లుగా వచ్చేసింది, దానంతటదే. ఎందుకొస్తోంది పిన్నీ అంటే చల్లబడటానికి అంది. నేనే తుడిచా, చేత్తోనే. ఇంకా తడి ఉంది చూడు."

అరచెయ్యి చాపింది. ప్రసూన ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఎప్పుడో ఆరిపోయింది.

"ఉందమ్మా," అంది.